ఐదు మార్కులు వేసినవాళ్ళు

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని నాలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. చూడడానికి పెద్దదేం కాదు. ఇంగ్లీషులో చెప్పాను, గట్టిగా లెక్కేస్తే నాలుగు మాటలు. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. నన్ను ఎవరూ పట్టుకోలేదు, పట్టుకునే అవకాశం కూడా లేదు. అయినా పొద్దున కారు స్టార్ట్ చేయగానే రేడియో దానంతట అది మోగుతుంది కదా, ఆ మొదటి క్షణంలో ఆ నాలుగు మాటలే ముందు వినిపిస్తాయి. రేడియో ఆపేసి కొన్ని నెలలు నడిపాను. ఆపితే ఇంకా బాగా వినిపించాయి.

నా పేరు మీకు అనవసరం. నోవైలో ఉంటాను, డెట్రాయిట్ పక్కన. ఇక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు, దాదాపు అందరూ కార్ల కంపెనీలకే పనిచేస్తారు. ఇప్పుడు నేనూ అంతే. కానీ అంతకుముందు రెండేళ్ళు ఒక రేడియో స్టేషన్‌కి కాంట్రాక్ట్‌లో పనిచేశాను. ఎవరికైనా చెబితే నవ్వేవాళ్ళు. ‘రేడియోలో నువ్వేం చేస్తావు, వార్తలు చదువుతావా?’ అనేవాళ్ళు. డేటా చూసేవాణ్ణి. ఎవరు ఎప్పుడు వింటున్నారు, ఏ పాటకి స్టేషన్ మార్చేస్తున్నారు, ఏ పాటకి ఉండిపోతున్నారు, ఇవీ నా పనులు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకి చెబుతుంటే మధ్యలోనే వాళ్ళ మొహం చూసి కథని కొంచెం అటూ ఇటూ జరుపుతాను. ఆ అలవాటు నాకు ఉంది. దాని గురించే ఈ ఒప్పుకోలు.

చేరిన మొదటిరోజే ప్రోగ్రామ్ డైరెక్టర్ డెనీస్ నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. ఏ పాట ఎప్పుడు వేయాలో చివరి మాట ఆవిడదే. ‘మనది క్లాసిక్ రాక్. హైవేకి అటువైపు స్టేషన్ క్లాసిక్ హిట్స్. ఈ రెండూ ఒకటే అనుకున్నావంటే నీ రిపోర్టులు నాకు పనికిరావు.’ నేను తలూపాను. నిజానికి నాకు రెండూ ఒకటే. పాత ఇంగ్లీషు పాటలు. గిటార్లు, డ్రమ్ములు, జుట్టు పెంచుకున్న మగవాళ్ళు. రెండు స్టేషన్లూ మార్చి మార్చి ఒక వారం విన్నాను. కొన్ని పాటలు రెండింట్లోనూ వచ్చాయి. మరి తేడా ఎక్కడ?

నాకు తెలియనిది ఏదైనా ఉంటే నిద్ర పట్టదు. అది మంచి గుణమని చిన్నప్పటి నుంచి అందరూ అన్నారు. కనుక్కోవడానికి రస్ దగ్గరికి వెళ్ళాను.

రస్ మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా మైకు ముందు ఉండేవాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. పొడుగు, కొంచెం వంగిన భుజాలు, ఎప్పుడూ అదే పాత టోపీ. స్టేషన్ కాఫీ తాగడు, ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. ఆ స్టేషన్‌లో అతనిది పాతికేళ్ళ పైమాటే. కొత్తగా వచ్చిన కాంట్రాక్టర్ని, అందులోనూ తన పాటలు ఒక్కటీ తెలియనివాణ్ణి, కసురుకుంటాడేమోనని భయపడుతూ అడిగాను. కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

ఒక బ్యాండ్ పాట వినిపించాడు. నాకు కూడా ఎక్కడో విన్నట్టుంది. తర్వాత అదే బ్యాండ్, అదే ఆల్బమ్ నుంచి ఇంకోటి పెట్టాడు. అది ఎనిమిది నిమిషాలుంది. మొదటి రెండు నిమిషాలు మాటే లేదు.

‘మొదటిది అప్పట్లో చార్టుల్లో పైకెక్కింది. పెళ్ళిళ్ళలో కూడా వేస్తారు. అది క్లాసిక్ హిట్స్ వాళ్ళదీ, మనదీ. రెండోది ఎప్పుడూ హిట్ కాలేదు. ఆల్బమ్ కొన్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అది మనది మాత్రమే’ అన్నాడు.

క్లాసిక్ హిట్స్ వాళ్ళకి గిటారే ఉండాలని లేదట. డాన్స్ పాట, ప్రేమ పాట, రాక్ పాట, ఏదైనా సరే, వచ్చిన రోజుల్లో ఊరంతా పాడిందయి ఉండాలి. ఒకదాని తర్వాత ఒకటి వేరే రకంగా రావాలి. ఆఫీసులో పెట్టుకుంటే ఎవరూ విసుక్కోకూడదు. క్లాసిక్ రాక్‌కి అలా కాదు. ఊరితో పనిలేదు, ఆ శబ్దంతోనే పని. అది ఇష్టమైనవాడికి అదే కావాలి, రోజంతా అదే కావాలి.

‘ఇంకా తేలిగ్గా చెప్పనా?’ అన్నాడు. ‘పాట మొదలవగానే కారులో అందరూ పాడితే అది క్లాసిక్ హిట్స్. ఒక్కడు మాత్రం సౌండ్ పెంచి, మిగతావాళ్ళు వాడివంక చూస్తే అది మనది.’

నాకు వెంటనే మా ఇంట్లో క్యాసెట్లు గుర్తొచ్చాయి. కొన్ని సినిమాల క్యాసెట్లలో ఒక పాట ఎక్కువ ఉండేది, సినిమాలో కనపడదు. నిడివి ఎక్కువైందని తీసేసేవాళ్ళు. రెండో వైపు చివర్లో ఉండేది. క్యాసెట్ కొన్నవాళ్ళకి మాత్రమే తెలుసు. నేను అలాంటి ఒక పాట అరిగేదాకా విన్నాను, క్లాసులో ఇంకెవరికీ తెలియనందుకు గర్వపడుతూ. ఇది రస్‌కి చెప్పాను. ‘అదేంటో వినిపించు’ అన్నాడు. ఫోన్లో వెతికి ఇచ్చాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాడు, మధ్యలో ఆపకుండా, భాష తెలియకుండా. తీసి, ‘చివర్లో ఊదింది ఏ వాయిద్యం?’ అన్నాడు. నాదస్వరం అని చెప్పాను. కాగితం మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత మేం స్నేహితులమే. ఆ మాట వాడే హక్కు నాకు ఉందో లేదో మీరే చెప్పాలి. మిషిగన్‌లో నా మొదటి చలికాలం అది. కారు జారితే ఏం చేయాలో తెలియదు. జనవరిలో ఒకరోజు భోజనాల టైమ్‌లో రస్ నన్ను స్టేషన్ వెనకున్న ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి, కావాలని బ్రేకు తొక్కించి, కారు గిర్రున తిరిగేలా చేయించాడు. అరగంట అదే పని. ‘బెదిరిపోయి తొక్కకు. ఎటు జారుతుందో అటే తిప్పు’ అన్నాడు. ఇప్పటికీ మంచు రోడ్డు మీద నా చేతులు అతను నేర్పినట్టే కదులుతాయి.

రెండో ఏడాది కంపెనీ పైవాళ్ళ నుంచి ఒత్తిడి మొదలైంది. వినేవాళ్ళ వయసు పెరుగుతోంది, ఆఫీసుల్లో మన స్టేషన్ పెట్టడంలేదు, ఆడవాళ్ళు అసలే వినడంలేదు, క్లాసిక్ హిట్స్‌కి మారితే బాగుంటుందేమో చూడండి అన్నారు. డెనీస్‌కి మారడం ఇష్టంలేదు, అలాగని పట్టుదలా లేదు. ‘ఊరికే వాదించుకోవడం దేనికి? వినేవాళ్ళనే అడుగుదాం’ అంది. అడిగే పని నాకొచ్చింది.

ఎలా అడుగుతారో చెబుతాను. వెబ్‌సైట్‌లో వందలకొద్దీ పాటల ముక్కలు వినిపిస్తారు. ఒక్కో ముక్క ఏడెనిమిది సెకండ్లు. ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. ఒకటంటే వద్దు, ఐదంటే చాలా ఇష్టం. ఆఖర్న ఏదైనా రాయాలనుంటే రాయడానికి ఒక గడి. పూర్తిచేసినవాళ్ళకి చిన్న గిఫ్ట్ కార్డ్. గిఫ్ట్ కార్డ్ ఉందంటే వినకుండా టకటకా నొక్కుకుంటూ పోయేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని ఏరేయాలి. దానికి నేనొక రూల్ రాశాను. వరసగా ఇరవై పాటలకి ఒకే మార్కు వేసినవాళ్ళు నిజంగా వినడంలేదు, తీసేయ్. ఒక్క లైను ప్రోగ్రామ్. రాసినప్పుడు బాగుందనుకున్నాను.

పాటల ముక్కలన్నీ ఒకే పొడుగాటి ఆడియో ఫైల్‌లో ఉండేవి. అందరికీ అదే వరస. ముందు హిట్స్ జాబితా, ఆ తర్వాత రాక్ జాబితా. కలిపి వేస్తే మంచిదని నాకు తెలుసు. పని ఎక్కువవుతుందని ఊరుకున్నాను. ఇది నా మొదటి తప్పు. దీన్ని తప్పు అనగలను, పాపం అనను.

రెండు వారాలపాటు రస్ ప్రతిరోజూ రేడియోలో చెప్పాడు. ‘వెళ్ళి మార్కులు వేయండి. మీకేం కావాలో మీరే చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు’ అని.

ఫలితాలు వచ్చాయి. హిట్స్ జాబితా చాలా ముందుంది. నేను గ్రాఫులు వేశాను. డెనీస్ ఆఫీసు నిండా మేనేజర్లు, పైవాళ్ళు స్క్రీన్ మీద, నేను గది చివర్లో. ఒక్కో స్లైడ్ నేనే వివరించాను. అమెరికా వచ్చాక అమెరికన్లతో నిండిన గదిలో నేను మాట్లాడుతుంటే ఎవరూ మధ్యలో అడ్డుకోకుండా వినడం అదే మొదటిసారి. నా యాస అర్థంకాక ‘సారీ?’ అన్నవాళ్ళు లేరు. అయ్యాక స్క్రీన్ మీద ఒక పెద్దాయన, ‘ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు’ అన్నాడు. చివరి నిర్ణయం శుక్రవారం అన్నారు.

బుధవారం మధ్యాహ్నం నాకు ఒక చిన్న సందేహం వచ్చింది. భయమేం కాదు, ఉత్త కుతూహలం. ఆ రూల్ ఎంతమందిని తీసేసిందో చూద్దామనిపించింది. తీసేసినవాళ్ళని వేరే ఫైల్‌లో పెట్టాను కదా, తెరిచాను.

అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. ఒక్కొక్కరి వరసా చూశాను. హిట్స్ జాబితాలో మూడు, ఒకటి, నాలుగు, రెండు అని మామూలుగా వేసుకొచ్చారు. రాక్ జాబితా మొదలవగానే ఐదు. ఐదు. ఐదు. ఐదు. పేజీ చివరిదాకా ఐదు.

వాళ్ళు వినకుండా నొక్కినవాళ్ళు కాదు. ఆఖరి గడిలో రాశారు కూడా. ఒకాయన మంచు తీసే ట్రక్కు నడుపుతాడట, తెల్లవారుజామున నాలుగింటికి తనకి తోడు ఈ స్టేషనేనని రాశాడు. ఒకావిడ నర్సు. చనిపోయిన తమ్ముడు తన కారులో ఈ స్టేషన్ తప్ప ఇంకోటి పెట్టలేదని, ఇప్పుడు ఆ కారు తను నడుపుతున్నానని రాసింది. ఒకతను ఏ వివరమూ లేకుండా, ‘దయచేసి మార్చకండి’ అని మాత్రం రాశాడు.

చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. నా రూల్ హిట్స్ అభిమానుల్ని ఎందుకు ముట్టుకోలేదు? ఆ పాటలే ఒకదానికొకటి పోలిక లేనివి కాబట్టి. డాన్స్ పాటకి ఐదు వేసినవాడు పక్క ప్రేమ పాటకి మూడు వేస్తాడు. రాక్ అభిమానికి ఆ ఇబ్బంది లేదు. వాడికి అన్నీ ఇష్టం, నేను వాటిని పక్కపక్కనే వరసగా పెట్టాను కూడా. రస్ మొదటిసారి కూర్చోబెట్టి చెప్పింది అదే కదా. అది ఇష్టమైనవాడికి అదే కావాలి, రోజంతా అదే కావాలి. ఆ రెండు ఫార్మాట్ల మధ్య తేడా నాకు అప్పుడు, ఆ క్షణంలో, పూర్తిగా తెలిసింది. అంత ఇష్టపడ్డవాళ్ళనే నేను దొంగలని తీసేశాను.

వాళ్ళని మళ్ళీ కలిపి లెక్క తీశాను. రెండు జాబితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. రాక్ గెలిచిందని చెప్పను. ఓడిపోలేదు, అంతే. అంటే ఆ సర్వే చెప్పవలసిన నిజం, ‘మాకు తెలియదు, మీరే తేల్చుకోండి’ అని. అప్పుడు మనుషులు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. డెనీస్ ఆలోచించేది. రస్‌ని పిలిచి అడిగేది. ఏమైవుండేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఈ తెలియకపోవడమే నన్ను ఎక్కువ తినేస్తోంది.

అరగంట తర్వాత డెనీస్ నా డెస్క్ దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక కవరు. నా హెచ్-వన్ వీసా పొడిగించాలంటే నేను ఇక్కడ పనిచేస్తున్నానని స్టేషన్ రాసిచ్చే క్లయింట్ లెటర్ కావాలి, నెలనుంచి అడుగుతున్నాను. సంతకం పెట్టి తెచ్చింది. ‘బాగా చేశావు’ అంది. ‘పైవాళ్ళు నీ గురించి మళ్ళీ అడిగారు.’ నా ల్యాప్‌టాప్ తెరిచే ఉంది, ఆ ఫైల్ తెరిచే ఉంది. ఆవిడ చూడలేదు. నేను థాంక్స్ చెప్పాను. ఆవిడ వెళ్ళాక ఫైల్ మూసేశాను.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న కారణం వీసా. భార్య ఉద్యోగం నా వీసా మీద ఆధారపడి ఉంది, పాపకి నాలుగేళ్ళు, అపార్ట్‌మెంట్ లీజు. ఇలా చెప్పుకుంటే నామీద నాకే జాలి కలిగేది. కానీ ఒకటి ఆలోచించండి. లెటర్ మీద సంతకం అయిపోయింది. నా చేతిలో ఉంది. తప్పు జరిగిందని చెబితే డెనీస్ దాన్ని లాక్కుని చింపేదా? ఆవిడ అలాంటి మనిషి కాదు, అది నాకు అప్పుడే తెలుసు. మహా అయితే విసుక్కునేది, శుక్రవారం మీటింగ్ వాయిదా వేసేది.

మరి ఎందుకు చెప్పలేదు? ఆ గదిలో అందరూ నన్ను విన్నారు. అందుకు. మళ్ళీ అదే గదిలోకి వెళ్ళి ‘నేను పొరపాటు పడ్డాను’ అంటే, వాళ్ళ దృష్టిలో మళ్ళీ యాస అర్థంకాని కాంట్రాక్టర్ని అయిపోతాను. నేను కాపాడుకున్నది వీసాని కాదు, ఆ పదిహేను నిమిషాల్ని. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అర్థమైన రోజు తేలికపడతాననుకున్నాను. సిగ్గు పెరిగింది తప్ప ఇంకేం కాలేదు.

శుక్రవారం నిర్ణయం అయిపోయింది. మార్చి నుంచి క్లాసిక్ హిట్స్. మధ్యాహ్నం షో ఇక వేరే ఊరినుంచి రికార్డు చేసి పంపిస్తారు. రస్‌కి వారాంతాల్లో ఏదో చిన్న పని ఇస్తామన్నారు, అతను వద్దన్నాడు. రేడియోలో వీడ్కోలు చెప్పనివ్వరు, ఆ పరిశ్రమలో అది ఆనవాయితీ. ఆఖరిరోజు కూడా మామూలుగానే ఏడింటికి ముగించి, ఫ్లాస్కు తీసుకుని బయటికొచ్చాడు.

అప్పటికి వారం ముందు జరిగింది చెబుతాను. అదే అసలు సంగతి.

సాయంకాలం, మంచు పడి ఆగింది. అతను షో మధ్యలో ఒక పొడుగు పాట వేసి, కారు అద్దం మీద మంచు గీకడానికి బయటికి వచ్చాడు. నేను ఇంటికి బయల్దేరుతున్నాను. దూరంనుంచే చెయ్యి ఊపి పోదామనుకున్నాను. పిలిచాడు.

‘ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు, నేనేం అనుకోను’ అన్నాడు. ‘ఆ సర్వే డేటా మొత్తం నువ్వు చూశావు కదా. నా వాళ్ళు అందులో ఉన్నారా? రోజూ అడిగాను రేడియోలో. ట్రక్కుల వాళ్ళు, రెండో షిఫ్టు వాళ్ళు, పాతికేళ్ళుగా ఫోన్లు చేసేవాళ్ళు. వాళ్ళు వచ్చి మార్కులు వేశారా?’

ఉద్యోగం గురించి అడగలేదు. ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు అని అడగలేదు. అదొక్కటే అడిగాడు.

‘లేదు రస్. పెద్దగా ఎవరూ రాలేదు’ అన్నాను.

ఇంగ్లీషులో నాలుగు మాటలని చెప్పానే, అవి ఇవే. నో, నాట్ రియల్లీ, రస్.

చేతిలో గీకే పలకకి అంటిన మంచు దులిపాడు. ‘ఊఁ’ అన్నాడు. తర్వాత, ‘పోనీలే. తెలుసుకోవడం మంచిదే’ అన్నాడు. రోడ్డు జారుడుగా ఉంది, మెల్లగా వెళ్ళమని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

లెక్కలో జరిగింది పొరపాటు. ఫైల్ మూసేయడం పిరికితనం. ఆ రెండింటికీ ఏవో సాకులు దొరుకుతాయి. కానీ ఆ పార్కింగ్ లాట్‌లో చెప్పినదానికి ఏ సాకూ లేదు. అప్పటికి అంతా అయిపోయింది. నిజం చెబితే నాకు పోయేది కూడా ఏమీ లేదు, అతను ఎవరికీ చెప్పేవాడు కాదు. అయినా ఆ క్షణంలో నా నోరు తనంతట తానే నాకు అనుకూలమైన దారి వెతుక్కుంది. దానితో ఏం చేశానో తెలుసా? ఉద్యోగం పోయిన మనిషికి, వినేవాళ్ళు కూడా నీకు లేరని చెప్పాను. ఉద్యోగం తీసేసింది కంపెనీ. వినేవాళ్ళని తీసేసింది నేను. రెండుసార్లు. ఒకసారి ఫైల్‌లోంచి, ఒకసారి అతని మనసులోంచి.

కొత్త స్టేషన్ బాగానే నడిచింది. ఇది కూడా చెప్పాలి, దాచకూడదు. వినేవాళ్ళు పెరిగారు. మా ఆవిడ సౌమ్య ఆఫీసుకి వెళ్తూ అదే పెట్టుకుంటుంది. మా పాప వెనక సీట్లో ఆ పాటలన్నీ పాడుతుంది, తను పుట్టకముందు ఎప్పటివో. నాకూ నచ్చుతాయి. మారడం సరైన నిర్ణయమేనేమో. కానీ ఆ సరైన నిర్ణయానికి నేనిచ్చిన ఆధారం తప్పుది. ఇలా అయితే నా తప్పు తగ్గినట్టా, పెరిగినట్టా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

నా కాంట్రాక్ట్ అయిపోయి కార్ల కంపెనీలో చేరాను. రస్‌ని మళ్ళీ చూడలేదు, పోయిన సెప్టెంబర్ దాకా.

వంటింట్లో కుళాయి కారుతుంటే వాషర్ కోసం బ్రైటన్ వైపు ఒక చిన్న హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. ఏప్రాన్ కట్టుకుని రస్ వచ్చాడు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. పాప గురించి అడిగాడు. నేను తెచ్చిన పాత వాషర్ వేలితో నొక్కి చూసి, సరైన సైజు వెతికి ఇచ్చాడు. గొంతు అదే, ఆ షాపులో మేకుల ధరలు చెప్పినా రేడియోలో చెప్పినట్టే ఉంటుంది. పక్కనుంచి వెళ్తున్న ఒకాయన ఆగి, ‘మీరు రేడియో రస్ కదా? మీ షో నేను ఒక్కరోజు కూడా వదల్లేదు’ అన్నాడు. రస్ మర్యాదగా నవ్వి థాంక్స్ చెప్పాడు. ఆయన వెళ్ళాక నావైపు తిరిగి, ‘అందరూ ఇలాగే అంటారు. మొహమాటానికి’ అన్నాడు.

నమ్మడంలేదు. తనని విన్నామని చెప్పిన ఏ మనిషినీ అతను ఏడేళ్ళుగా నమ్మడంలేదు. నా మాట నమ్మాడు మరి.

అక్కడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. వాషర్ తీసుకుని వచ్చేశాను.

ఆదివారం సౌమ్యకి చెప్పాను, పాప డాన్స్ క్లాసులో ఉండగా కారులో కూర్చుని. మొత్తం విన్నది. ‘ఇన్నేళ్ళలో నాకెందుకు చెప్పలేదు నువ్వు?’ అంది. తెలియదన్నాను. ‘నాకు చెబితే ఏం లాభం? నేను రస్‌ని కాదు కదా’ అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట అంది.

ఉత్తరం రాశాను. మొదట నాలుగు పేజీలు వచ్చింది. వీసా ఉంది అందులో, పాప ఉంది, నా యాస కూడా ఉంది. చదివితే క్షమాపణ కంటే వకాల్తాలా ఉంది. చింపేశాను. మళ్ళీ రాసినప్పుడు నాలుగు వాక్యాలే వచ్చాయి. మీవాళ్ళు సర్వేకి వచ్చి మార్కులు వేశారు. నా ప్రోగ్రామ్ వాళ్ళని పొరపాటున తీసేసింది. మీరు అడిగే సమయానికి ఆ సంగతి నాకు తెలుసు, అయినా మీకు అబద్ధం చెప్పాను. కింద నా ఫోన్ నంబర్ ఇస్తున్నాను. షాపు అడ్రసుకి అతని పేరు మీద పంపించాను.

మూడు వారాలు ఏమీ లేదు. ఆ రోజుల్లో నాకు కలిగినదాన్ని భయం అనలేను. తెలుసుకోవాలన్న ఆత్రం, ఆ పాతదే. తిడతాడా? నవ్వేస్తాడా? అసలు చించి పారేశాడా? నా తప్పు గురించి కూడా నాకు కుతూహలమే ముందు పుట్టడం చూస్తే నామీద నాకే అసహ్యం వేసింది.

పోయిన గురువారం లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో కారులో ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. గొంతు వినగానే వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

‘ఉత్తరం అందింది’ అన్నాడు.

నేను ఏదో మొదలుపెట్టబోయాను. ఆపాడు.

‘ఎంతమంది?’

చెప్పాను. ఆ అంకె నేను ఏ రోజూ మర్చిపోలేదు. అతను దాన్ని మెల్లగా ఒకసారి తిరిగి పలికాడు, రాసుకుంటున్నవాడిలా. వెనక షాపులో తాళంచెవులు చేసే యంత్రం కీచుమంటోంది.

‘వాళ్ళు ఏమైనా రాశారా?’

గుర్తున్నవి చెప్పాను. మంచు ట్రక్కు అతను. నర్సు, తమ్ముడి కారు. ‘దయచేసి మార్చకండి’ అన్నాయన. ఒక్కొక్కటీ అయ్యేదాకా ఆగాడు.

‘ఏడేళ్ళు వాళ్ళమీద కోపంగా ఉన్నాను’ అన్నాడు చివరికి. ‘ఫోన్లు చేస్తే తీయలేదు. కలిసి భోంచేద్దాం రమ్మంటే వెళ్ళలేదు. ఆ నర్సు ఎవరో నాకు తెలుసు. నా షో ఆగిపోయాక ఆమె నాకు ఉత్తరం రాసింది, ఆ తమ్ముడి కారు గురించి. నేను జవాబు ఇవ్వలేదు.’

నేను సారీ అన్నాను. అంతకంటే పెద్ద మాట నాకు ఆ భాషలో రాదు, ఈ భాషలోనూ దొరకలేదు.

‘సరే’ అన్నాడు. ‘నాకు కస్టమర్ ఉన్నాడు.’ పెట్టేశాడు.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా, అడిగితే ఆ భారం కూడా అతని నెత్తిన పెట్టినట్టవుతుంది. మళ్ళీ ఫోన్ చేస్తాడని అనుకోవడంలేదు. అతను ఆ నర్సుకి ఇప్పుడైనా రాస్తాడో లేదో తెలుసుకోవాలని ఉంది, కానీ అది తెలుసుకునే హక్కు నాకు లేదు. కొన్ని సంగతులు తెలియకుండా బతకడం ఇప్పుడు నేర్చుకోవాలి.

అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. వాళ్ళు వచ్చారు. విన్నారు. పాట తర్వాత పాటకి ఐదు వేశారు. వాళ్ళు రాలేదని చెప్పింది నేను.